దానియేలుకి ఇచ్చిన మానిక

ఎవరికైనా కానుక కొనాలంటే నాకు ముందు వచ్చేది సంతోషం కాదు, అనుమానం. ఇచ్చినదాన్ని వాడుకుంటారా, పక్కింటివాళ్లకి అంటగడతారా, ఇచ్చినందుకు మెచ్చుకుంటారా, ఇంకా పెద్దది ఇవ్వలేదని మూతి తిప్పుకుంటారా అని నాలుగు వైపుల నుంచీ ఆలోచించి, చివరికి ఏమీ కొనకుండా ఇంటికొచ్చిన రోజులున్నాయి. ఈ గుణం నాకు మా నాయనమ్మ నుంచి వచ్చింది. ఆవిడ నగలు మా మేనత్తలకి వెళ్లాయి, పొలం మగపిల్లలకి వెళ్లింది, అనుమానంలో మాత్రం ఎవరూ వాటా అడక్కపోవడంతో మొత్తం నాకే దక్కింది. అందుకే మొన్న డిసెంబరులో మా మనవరాలు మేఘన నన్ను కంచికచర్లలో ఒక స్టీలు సామాన్ల కొట్టు ముందు నిలబెట్టి, బాబూరావుగారికి క్రిస్మస్‌కి ఏం కొందాం అమ్మమ్మా అని అడిగితే, నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ముందు దాణా సంచి సరిగ్గా ఉందో లేదో చూశావా?" అని.

బాబూరావు అంటే మేఘన గుర్రాన్ని చూసుకునే మనిషి. మా అల్లుడు నందిగామలో వకీలు. కోర్టులో ఆచితూచి మాట్లాడే మనిషి ఇంట్లో నోరు జారి, పదో తరగతిలో మంచి మార్కులు వస్తే గుర్రం కొనిపెడతానన్నాడు. పిల్ల మార్కులు తెచ్చింది. ఆ గుర్రం ఇప్పుడు కంచికచర్ల దాటాక, హైవే మీంచి కాస్త లోపలికి ఉన్న గుర్రాల షెడ్డులో ఉంటుంది. చూసుకునేవాళ్లని అక్కడ గ్రూములంటారు. బాబూరావుది చందర్లపాడు. వానాకాలంలో గుర్రం గిట్టకి చీము పడితే ఆ మనిషి ఎన్నో రోజులు పూటపూటా గోరువెచ్చటి ఉప్పునీళ్లలో దాని కాలు పెట్టించి, పక్కన పీట వేసుకుని కూర్చున్నాడట. అంత చేసినవాడికి ఏదైనా ఇవ్వాలని పిల్ల ఆరాటం. అంత ఎందుకు చేశాడా అని నా ఆలోచన. టిఫిను క్యారియరు మూతలు విప్పి చూస్తూ, వాసన చూస్తూ, ఏదీ నచ్చలేదని కొట్టువాడికి చెప్పి, పద షెడ్డుకు వెళదాం, మనిషిని చూశాక కొందాం అన్నాను. కారులో కూర్చున్నాక మేఘన నన్ను వింతగా చూసింది. దానియేలు సంగతి తెలిస్తే అలా చూసేది కాదనుకున్నాను.

జగ్గయ్యపేటలో మా తాతయ్య వైద్యుడు. చుట్టుపక్కల పల్లెలన్నీ నల్లరేగడి నేలలు. నాలుగు చినుకులు పడితే సైకిలు చక్రానికి మట్టి చుట్టుకుని అది మనిషి మీద ఎక్కాల్సిందే. అందుకని తాతయ్య గుర్రం మీద వెళ్లేవారు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న ఎర్ర ఆడగుర్రం, పేరు చుక్క. గొడ్ల సావిడి పక్కన దానికి వేరే పాక ఉండేది. దాన్ని కడిగి, మాలీసు చేసి, గడ్డి కోసుకొచ్చి, ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాడు దానియేలు. మేమందరం గుర్రపు దానేలు అనేవాళ్లం. మా నాన్న కంటే పెద్దవాడు. తొమ్మిదేళ్ల నేను అతన్ని "నువ్వు" అనేదాన్ని, అతను నన్ను "పాపగారూ, మీరు" అనేవాడు. అందులో తప్పుందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. మా మేఘన బాబూరావుని "అంకుల్" అని పిలుస్తుంటే ఇప్పుడు నాకు చెవికి కొత్తగా ఉంటుంది. ఆ కొత్తదనం కొంచెం సిగ్గుగా కూడా ఉంటుంది.

మా ఇంటికి పూటకో వాసన. పొద్దున శొంఠి, పిప్పళ్లు దంచిన వాసన, సాయంత్రం జీనుకు రాసిన ఆముదం వాసన. మధ్యాహ్నం మాత్రం ఇల్లంతా ఉలవలదే. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద కుండలో ఉలవలు ఉడికేవి. కట్టు ఇంటికి, గుగ్గిళ్లు గుర్రానికి. ఇది మా ఇంటి చట్టం. దానియేలు ఉడికిన నీళ్లు వార్చి వంటింటి గడప దగ్గర పెడితే, మళ్లీ నిప్పు తగిలితే అంటు పోతుందన్న లెక్కతో వంటింట్లో దాన్ని చిక్కగా మరగబెట్టి చారు కాసేవాళ్లు. వెన్న వేసుకుని తినేవాళ్లం. గింజలు చల్లారాక చుక్కకి. నాయనమ్మ బానలోంచి ఉలవలు తీసి ఇచ్చి మూత పెట్టే ముందు, లోపల గింజల మీద అరచెయ్యి అద్ది ముద్ర వేసేది. ఎవరైనా చెయ్యి పెడితే ముద్ర చెదిరిపోతుంది. బియ్యం మీదా అంతే, పిండి మీదా అంతే. నెయ్యి జాడీ మీద సున్నంతో గీత. పాలు పోసే మనిషి చెంబు వంచేటప్పుడు వేళ్లు ఎక్కడున్నాయో చూసేది. దేవుడికి కొట్టిన కొబ్బరికాయలో కూడా పెద్ద చెక్క పూజారి ఉంచేసుకున్నాడని ఆవిడ గట్టి నమ్మకం. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా ఇంట్లో అది పెంపుడు భూతం. వేళకి తిండి పెట్టి మరీ సాకేది నాయనమ్మ.

ఏటా క్రిస్మస్‌కి దానియేలుకి కానుక ఇవ్వడం కూడా ఆవిడ పనే. గుర్రాన్ని చూసేవాడి మనసు కష్టపెడితే అది గుర్రానికి తగులుతుందని తాతయ్య అనేవారు, అందుకని ఇచ్చేది. నన్ను వెంటబెట్టుకుని బజారుకెళ్లి పంచె ఎండకి పట్టి చూసేది, అంచు నలిపి చూసేది, గంజి ఎక్కువ పెట్టారని కొట్టువాడితో తగువు పడేది. ఇంతా చేసి ఇచ్చాక అతను దాన్ని కట్టుకున్నాడా, అమ్ముకున్నాడా అని చర్చి వదిలే వేళకి వీధి అరుగు మీద కూర్చుని చూసేది. కట్టుకుని కనిపిస్తే, మరి పాతది ఏం చేశాడో అనేది. నాకు అది ఆటలా ఉండేది. ఆవిడ పక్కన కూర్చుని నేనూ కళ్లు చికిలించి చూసేదాన్ని. ఇంట్లో పిల్లలందరిలోకీ దీనికే చూపుందని ఆవిడ నన్ను మెచ్చుకునేది. ఆ మెప్పు కోసం నేను ఏమైనా చేసేదాన్ని.

ఆ ఏడు వానలు వెనకపట్టాక చుక్క చిక్కిపోవడం మొదలైంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా కనబడుతున్నాయి. వంటింటికి వచ్చే ఉలవకట్టు కూడా పలచబడింది. తాతయ్య దాని మెడ నిమిరి, వయసు మీద పడుతోందేమో అన్నారు. ఆయన గుర్రాన్ని ప్రేమించేవారు గానీ, పనికిరానిదాన్ని మేపే రకం కాదు. అంతకుముందే ఒక ముసలి ఎద్దుని అలాగే తోలించేశారు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు, ఇది ఇంకో ఏడాది నన్ను మోస్తే చాలు" అని ఆయన అన్నప్పుడు దానియేలు పక్కనే ఉండి కాళ్లకు మాలీసు చేస్తున్నాడు. తల ఎత్తలేదు. నాయనమ్మ మాత్రం వయసు సంగతి నమ్మలేదు. ముద్ర చెదరలేదు, ఉలవలు కుండలోకి సరిగ్గానే వెళుతున్నాయి, మరి గుర్రం ఎందుకు చిక్కుతోంది? కుండలోంచి ఎక్కడికో పోతున్నాయి. చూడవే అంది నాతో.

చూశాను. మూడో రోజునే దొరికాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళుతూ, అటూ ఇటూ చూసి, తువ్వాల్లో ఉడికిన గుగ్గిళ్లు మూటగట్టుకుని చంకలో పెట్టుకున్నాడు. తువ్వాలు తడిసి చొక్కాకి మరక అంటింది. పరిగెత్తుకెళ్లి నాయనమ్మకి చెప్పాను. ఆవిడ ఏదో అబద్ధం పని చెప్పి నన్ను వాళ్లింటికి పంపింది. చర్చి వెనక తాటాకు ఇల్లు. గడప దగ్గరికి వెళ్లేసరికే ఉలవల వాసన. దానియేలు భార్య మరియమ్మ రోట్లో గుగ్గిళ్లు రుబ్బుతోంది. పక్కన వాళ్ల కూతురు సువార్త, నా ఈడుదే, పొత్రం చుట్టూ చెయ్యి పెట్టి పిండి తోస్తోంది. నన్ను చూడగానే మరియమ్మ గభాలున చేట తీసి రోటి మీద మూసేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే అనిపించింది నాకు. నేను అక్కడ చూసిందీ, చూడనిదీ కలిపి ఇంట్లో చెప్పాను. పిల్లలు బొజ్జ నిండా తింటున్నారని కూడా చెప్పాను. తినడం నేను చూడలేదు.

అడుగుదామా అన్నాను నాయనమ్మతో. ఆవిడ తమలపాకు ఈనె తీస్తూ నెమ్మదిగా చెప్పింది. "అడిగితే అబద్ధమాడతాడే. అబద్ధం విన్నాక అది అబద్ధమో కాదో తేల్చుకోడం ఇంకో పని. అడగను. కానుకిస్తా." ఆ మాట నాకు చాలా తెలివిగా కనిపించింది. తాతయ్యకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మర్నాడు ఇద్దరం ఇత్తడి సామాన్ల బజారుకు వెళ్లాం. ఆ ఏడు పంచె లేదు, చీర లేదు. గింజలు కొలిచే మానిక ఒకటి, బరువైనది ఏరి, దాని మీద దానియేలు పేరు కొట్టించింది. మా ఇళ్లల్లో పెళ్లికూతురి సామాన్ల మీద కొట్టిస్తామే, చుక్కలు చుక్కలుగా, అలా. పేరు కొట్టేవాడు సుత్తితో టకటకా కొడుతుంటే నేను దగ్గర కూర్చుని అక్షరాలు చదివాను.

క్రిస్మస్ రోజు చర్చి అయ్యాక దానియేలు కుటుంబంతో వచ్చాడు. పళ్లెంలో అరటిపళ్లు, కేకు ముక్కలు తెచ్చి అరుగు మీద పెట్టి దూరంగా నిలబడ్డాడు. అరుగు మీద తాతయ్య కోసం వచ్చిన రోగులు కొందరున్నారు. నాయనమ్మ ఎప్పటిలాగే చేతులు తగలకుండా పైనుంచి కానుక వదిలింది. అతను దోసిలి పట్టి అందుకున్నాడు. తిప్పి చూసుకున్నాడు. సువార్త తొంగిచూసి, నాన్నా నీ పేరు అంది. అతని మొహం ఒక్క క్షణం వెలిగింది. అప్పుడు నాయనమ్మ అందరూ వినేలా అంది: "ఇకనుంచి పట్టుకెళ్లేది కొలుచుకుని పట్టుకెళ్లు, దానేలూ." అతను ఆవిడ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "మంచిదండి అమ్మగారూ" అని, భార్యనీ పిల్లనీ తీసుకుని వెళ్లిపోయాడు. దొంగ దొరికినందుకు నాకు సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు కంపరంగా ఉంటుంది.

మరో వారం పనిలోకి వచ్చాడు. తరవాత "మా బావమరిది మిరప తోటలో మనిషి కావాలంటున్నాడండి" అని తాతయ్యకి చెప్పి మానేశాడు. వెళ్లే రోజు కళ్లెం మేకుకి తగిలించి, మాలీసు గుడ్డ ఉతికి ఆరేసి, పాక దగ్గర ఆడుకుంటున్న నా దగ్గరికి వచ్చాడు. "పాపగారూ, కొత్తగా వచ్చేవోణ్ణి చుక్కకి గుగ్గిళ్లు మెత్తగా రుబ్బి పెట్టమని చెప్పండి. మర్చిపోమాకండి" అన్నాడు. నేను తల ఊపాను. ఎవరికీ చెప్పలేదు. దొంగ చెప్పే మాటలో ఏదో మడత ఉంటుందనుకున్నాను. రుబ్బడానికని మళ్లీ ఇంకెవరింటికో మోయించే ఎత్తేమో అనుకున్నాను. కొత్తవాడు గుగ్గిళ్లు అలాగే పెట్టాడు. చుక్క నోట్లో కాసేపు తిప్పి కింద రాల్చేసేది, మింగిన గింజలు లద్దెలో అలాగే పడేవి. చివరికి తాతయ్య దాని నోరు తెరిచి చూసి, పళ్లు పోయాయి అన్నారు. చలికాలం పోకముందే జట్కావాడెవడో వచ్చి తోలుకుపోయాడు. సందు మలుపు దగ్గర అది ఆగి వెనక్కి చూసింది. ఆ దానేలుగాడు తిండి ఎగ్గొట్టి దాని పళ్లు పాడుచేశాడు అంది నాయనమ్మ. నేను నమ్మాను. నాకు ఏడుపు రాలేదు, దానియేలు మీద కోపం వచ్చింది.

ఇదంతా మనసులో పెట్టుకుని నేను మేఘన వెంట షెడ్డులోకి వెళ్లాను. వెళ్లగానే, బాబూరావు చూస్తుండగానే, దాణా సంచి అంచు పట్టి ఎత్తి బరువు చూశాను. నమస్కారమండీ అంటూ అతను నా చేతిలోని సంచి అంచు వైపు చూశాడు. కాసేపటికి అతను ఒక మూల బకెట్లోంచి నానిన ఉలవలు తీసి టిఫిను బాక్సులో పోసుకుని మూత పెట్టి సైకిలు సంచిలో వేసుకోవడం కనబడింది. నా చూపు ఇంకా పనిచేస్తోందని, అబద్ధం ఎందుకు చెప్పాలి, గర్వం కలిగింది. మేఘన భుజం గిల్లి చూపించాను. ఆ పిల్ల నేరుగా అతని దగ్గరికి వెళ్లి, "అంకుల్, ఏంటది?" అంది. అంతే. మా నాయనమ్మ ఒక కాలమంతా అడగని ప్రశ్న.

"అదా మేఘనా, ఆ చివరుందే ముసలి గుర్రం, దానికి పళ్లరిగిపోయినయ్యమ్మా. గింజ గింజగా పెడితే ఉమ్మేసిద్ది. ఇంటికాడ మిక్సీలో మెత్తగా పట్టించి, పొద్దున్నే తెచ్చి పెడతన్నా" అన్నాడు బాబూరావు. నేను అక్కడున్న గడ్డి మోపు మీద కూర్చుండిపోయాను. మా పెరట్లో రోలు ఉంది. వంటింటి పక్కనే ఉంది. దాన్ని దానియేలు ముట్టుకోకూడదు. ఇంటికి కాక ఇంకెక్కడికి తీసుకెళతాడు? సాయంత్రం గడ్డి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. ఆ గడ్డి కింద రుబ్బిన పిండి కుండ ఉండి ఉంటుంది. చుక్కకి పెట్టేటప్పుడు పిండిని కలపడానికే చిక్కటి కట్టు కొంత ఉంచుకుని ఉంటాడు. నేనూ నాయనమ్మా బయటికి పోయేదాన్నే కాపలా కాశాం గానీ, లోపలికి వచ్చేదాన్ని ఒక్కనాడూ చూడలేదు. మెత్తగా రుబ్బి పెట్టమని చెప్పండి అన్న మాట నాకు ఇన్నేళ్లూ గుర్తుంది. అర్థం కాలేదంటే అది ఇంకో అబద్ధం. విప్పి చూసే ధైర్యం చెయ్యలేదు.

సువార్త ఆచూకీ దొరకడం కష్టం కాలేదు. మా అల్లుడి గుమాస్తాది వాళ్ల చర్చే. టీచరుగా చేసి రిటైరై నందిగామలోనే ఉంటోంది. చీర ఒకటి, స్వీట్లు పట్టుకుని వెళ్లాను. ఇవి చూసి ఏమనుకుంటుందో అని గేటు దగ్గర రెండు సార్లు వెనక్కి తిరిగాను. తలుపు తీసిన మనిషి తెల్ల జుట్టుతో, కళ్లజోడుతో, నా పేరు చెప్పగానే, రండి లోపలికి అంది. దానియేలు ఎప్పుడో పోయాడు, మరియమ్మ కూడా. ఆ మానిక సంగతి ఎలా ఎత్తాలా అనుకుంటుంటే, వంటగదిలో బియ్యం డబ్బాలో అదే కనిపించింది. అంచు కాస్త సొట్టపోయింది. పేరు చుక్కలు అరిగిపోయినా చదవడానికి వస్తోంది. మా ఇంట్లో పేరు కొట్టిన గిన్నె అదొక్కటేనండి అంది సువార్త.

అడిగాను. మీ నాన్న ఎందుకు చెప్పలేదు, ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదా అన్నాను. ఆ ప్రశ్నలో కూడా తప్పు అతని మీదకే నెడుతున్నానని అడిగాక తెలిసింది. సువార్త చెప్పింది. "పళ్లు పోయినయ్యని చెబితే తాతగారు గుర్రాన్ని అమ్మేస్తారు. చెప్పకపోతే నాన్న దొంగవుతాడు. దొంగనైతే నేనొక్కణ్ణేగా పోయేది అన్నాడండి నాన్న. అమ్మ రోటి మీద చేట మూసింది మీకు గుర్తుందా? పాపగారు చూస్తే గుర్రం సంగతి ఇంట్లో చెప్పేస్తారని మూసింది. మీరు చెప్పారు. వేరేది చెప్పారు." నవ్వుతూనే అంది. ఆ నవ్వు వెనక ఇంకేం ఉందా అని నేను వెతికాను, నా బుద్ధి అంత. అతను వెళ్లేటప్పుడు నాతో చెప్పి పంపిన మాట నేను ఎవరికీ చెప్పలేదని అప్పుడు చెప్పాను. చెబుతుంటే ఏడుపు వచ్చింది, అరవై ఏళ్లు ఆలస్యంగా. ఆమె ఫరవాలేదు అనలేదు. లేచి మానికతో బియ్యం తీసింది, ఒక్క క్షణం ఆలోచించి ఇంకొంచెం తీసింది. భోంచేసి వెళ్లండి అంది. వాళ్లింట్లో నేను తిన్న మొదటి అన్నం అది.

ఇంటికి వచ్చాక మేఘన మళ్లీ అడిగింది, బాబూరావుగారికి ఏం కొందామని. టిఫిను క్యారియరు వద్దన్నాను, పంచె వద్దన్నాను, ఇత్తడిది ఏదీ అసలే వద్దన్నాను. వెళ్లి అతన్నే అడుగుదాం అన్నాను. నేనే అడుగుతాను, నువ్వు మాట్లాడకు అని కూడా అన్నాను. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు షెడ్డుకు వెళ్లాం. బాబూరావు గుర్రం గిట్టలు గీకుతున్నాడు. ముసలి గుర్రం తన తొట్లోది చప్పుడు లేకుండా తింటోంది. దగ్గరికి వెళ్లి, ఎంతో సాధన చేసిన మాట, వీలైనంత మెత్తగా అన్నాను: "బాబూరావుగారూ, మీకేం కావాలో చెప్పండి."

అతను గీకడం ఆపాడు. నన్ను చూశాడు, మేఘనని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"ఏమన్నా పోయిందాండీ?" అన్నాడు.

ఏమీ పోలేదు బాబూ, పండక్కి ఇద్దామని అడుగుతున్నాను అన్నాను. మేఘన కూడా చెప్పింది. అలాగేనండి అన్నాడు, తల ఊపాడు. చేతులు తుడుచుకుని లేచి, గోడవార ఉన్న దాణా సంచి దగ్గరికి వెళ్లి, తాడు విప్పి, మూతి రెండు చేతులతో వెడల్పు చేసి, నాకు కనపడేలా వంచి పట్టుకున్నాడు.